క్లాసు వదలని మాస్టారు

ఆ మేడమీది చివరి గదికి మంచి పేరు లేదు. ఒకప్పుడు అందులో టైపు నేర్పే మాస్టారుండేవారు. తప్పు వేలు మీట మీద పడితే చాలు, ఆయనకి పూనకం వచ్చేదట. ఒకనాడు పాఠం మధ్యలోనే ప్రాణం వదిలారు... క్లాసు మాత్రం వదల్లేదు! చీకటి పడ్డాక అటు వెళితే టకటకలు వినిపిస్తాయనీ, విన్నవాళ్ల జుట్టు మెట్లు దిగేలోపే నెరిసిపోతుందనీ చెప్పుకునేవారు. నా జుట్టు సంగతి అడక్కండి, ఆ మెట్లు నేను చాలాసార్లు దిగాను.

అలాంటి గదిలో అద్దెకు దిగాడు మా ఆడపడుచు అల్లుడు. వీధంతా అతన్ని రెండువేళ్ల బాబు అనేది. టైపు కొడితే రెండు చూపుడువేళ్లే — కోడి గింజలేరినట్టు. ఆ వేగానికి పక్కనున్నవాళ్లకి ఫ్యాను అక్కర్లేదు.

కీబోర్డు కూడా తనే కట్టుకున్నాడు. చెక్క చట్రం, మీటమీటకీ విడిగా తెప్పించి గుచ్చిన స్విచ్చి. పురిటిబిడ్డనైనా అంత సుతారంగా ఎవరూ ఎత్తుకోరు. మీటల మీద అక్షరాలు లేవు — అదో దర్జా.

ఆ కీబోర్డు పూర్తయిన రాత్రే అతనికి కంప్యూటర్లో టైపు పరీక్ష. గట్టెక్కితే ఇంట్లో కూర్చుని ఉద్యోగం. తప్పితే పొద్దున్నించీ మామగారి సిమెంటు దుకాణమే గతి. మామగారి నోటికి సిమెంటు కూడా బీటలు వారుతుంది!

చెయ్యి సవరించుకుందామని కూర్చున్నాడు... నడిమి మీటలు పలుకుతున్నాయి. అంచు మీటలకి — ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తీగ మార్చాడు. కంప్యూటరు ఆర్పి వెలిగించాడు. స్విచ్చి ఊడబీకి, కాలు వంగిందేమో చూశాడు. వంగలేదు. పలికే స్విచ్చి తెచ్చి పలకని చోట గుచ్చాడు... అదీ మూగపోయింది. మూగది ఇటొచ్చి గొంతెత్తి పలికింది!

"అయిందాండీ?" పక్కగదిలోంచి భార్య.

"అవుతుందిలే, పడుకో."

"నాన్న పొద్దున్నే రమ్మన్నారు..."

"పడుకోమన్నానా!"

విసిగిపోయి చట్రం ఎత్తబోయాడు. ఎడమ చిటికెనవేలు అంచు మీటకి తగిలింది —

టక్! అక్షరం పడింది.

చూపుడువేలితో కొట్టాడు. ఏమీ లేదు. మళ్లీ చిటికెనవేలు... టక్. ఉంగరపువేలు, దాని మీట మీద... టక్.

మెడ వెనక చల్లగా ఊపిరి తగిలింది.

"మా... మాస్టారూ..." అన్నాడు.

ఇంతలో తెర మీద పరీక్ష మొదలైపోయింది. బుద్ధెరిగాక మొదటిసారి పది వేళ్లూ పరిచాడు. తప్పు వేలు దిగితే మీట బండలా బిగుసుకునేది. సరైన వేలు తాకితే వెన్నలో కత్తిలా దిగేది. ఏడ్చాడు, చెమటకి గదిలో మడుగు కట్టింది, వేళ్లు జంతికల్లా మెలి తిరిగాయి... తిరిగి తిరిగి, దారిలో పడ్డాయి. చివరికి రేకుల మీద వాన పడ్డట్టే!

గడువైపోయింది. తెర మీద — ఉత్తీర్ణుడు.

పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దెయ్యమా పాడా! కొత్త స్విచ్చిలు కాసేపు మొరాయించాయి, అంతే. తనలో తనే నవ్వుకుని, కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు రెండూ బల్ల మీద బారజాపాడు.

మంచినీళ్లు తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. చటుక్కున తల దించుకుంది.

"ఇదేం పద్ధతండీ!" గుసగుసగా కసిరింది. "వెనక అంత పెద్దాయన నిలబడుంటే... కాళ్లు దించి, ముందా కుర్చీ ఆయనకివ్వండి!"