అందరికంటే పొట్టి పెన్సిల్

అన్యాయం ఎవరికి జరిగింది? గొడుగులు బాగుచేసే ఆయన కూతురికి. ఎలా జరిగింది? ముప్ఫైరెండు మంది పిల్లల ముందు, వాళ్ళ టీచర్ ముందు, ఒకే ఒక్క మాటతో జరిగింది. ఆ మాట అన్నది పళ్ళ డాక్టర్ గారి అమ్మాయి చిట్టి. ఎందుకు అన్నదో తెలియాలంటే ఒక శుక్రవారం మధ్యాహ్నం అయిదో తరగతి గదిలోకి తొంగిచూడాలి.

భోజనాలు అప్పుడే అయ్యాయి. టీచర్ బల్ల మీద తెల్లకాగితం పరిచి, దాని మీద స్కేలు పెట్టారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తమ పెన్సిల్‌ను స్కేలు పక్కన ఉంచుతున్నారు.

మూడు నెలల క్రితం టీచర్ ఒక పందెం పెట్టారు. ప్రతి పెన్సిల్ వెనక ఒక చెట్టు ఉందనీ, దాన్ని కోసిన మనిషి, మోసిన లారీ ఉన్నాయనీ, సగం వాడి పారేస్తే ఆ శ్రమంతా పారేసినట్టేననీ చెప్పారు. ఎవరు ఒకే పెన్సిల్‌ను అందరికంటే పొట్టిగా అయ్యేదాకా వాడతారో, వాళ్ళకు పంపకాల బీరువా తాళంచెవి ఇస్తానన్నారు.

ఆ బీరువా వరండాలో ఉంటుంది. సగం రాసిన నోటుబుక్కులు, బిగుతైపోయిన బూట్లు, పొట్టివైపోయిన స్వెటర్లు అన్నీ అందులోకి చేరతాయి. కొత్తది కొనే ముందు అందులో వెతకాలన్నది ఆ బడి నియమం. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే వాళ్ళ చుట్టూ బడంతా తిరుగుతుంది.

చిట్టికి ఆ తాళంచెవి కావాలి. కానీ అది ఎవరికి వస్తుందో అందరికీ ముందే తెలుసు. గొడుగులాయన కూతురిని పిల్లలందరూ ముద్దుగా "గొడుగు" అనేవారు. ఆమె పెన్సిల్ వేళ్ళకు పట్టు దొరకనంత చిన్నదైపోతే, దాన్ని పాత పెన్ను గొట్టంలో దూర్చి రాసేది. ఈ రోజు ఎంతకు వచ్చిందో చూడాలని పిల్లలు ఎగబడేవారు.

చిట్టి పెన్సిల్ పెట్టెకు రెండు అంతస్తులు, లోపల అద్దం, మీట నొక్కితే తెరుచుకునే అర. మొదటి వారం అందరూ మీట నొక్కి చూశారు. రెండో వారం నుంచి ఆ పెట్టె వంక చూసినవాళ్ళు లేరు. చేతిలో ఏమీ లేనిదానికి ఇంత గొప్పేమిటని చిట్టి లోలోపల ఉడికిపోయింది.

అందుకే గురువారం సాయంత్రం గది తలుపు వేసుకుని, షార్పనర్ ముందేసుకుని కూర్చుంది. మొదటి పెన్సిల్‌ను గిరగిరా తిప్పింది. సగానికి వచ్చేసరికి మొన విరిగింది. చెక్కినకొద్దీ విరిగింది. రెండోది నిలువునా చీలింది. మూడోదాని మొన కూడా నిలవలేదు. చెయ్యి బొబ్బలెక్కినా ఆపలేదు. ఆరో పెన్సిల్‌తో ఎలాగో ఒక పొట్టి ముక్క దక్కింది. పొదుపుగా వాడానని చూపించడానికి అయిదు కొత్త పెన్సిళ్ళు చెక్కుడు పొట్టుగా మారిపోయాయి. ఆ పొట్టును మంచం కిందికి తోసేసింది.

శుక్రవారం స్కేలు పక్కన చిట్టి ముక్క నాలుగు సెంటీమీటర్లు వచ్చింది. గొడుగుది మూడున్నర.

టీచర్ పేరు చెప్పకముందే క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఒక్కో చప్పట్టూ చిట్టి వీపు మీద పడ్డట్టయింది.

"టీచర్, అది తనది కాదు," అంది చిట్టి. "చెత్తబుట్టలోంచి ఏరుకుంది. నేను చూశాను."

ఇందులో సగం నిజం. చెత్తబుట్టలో పడిన పెన్సిళ్ళను గొడుగు తీసుకోవడం చిట్టి రెండుసార్లు చూసింది. కానీ స్కేలు పక్కన ఉన్న ముక్క గొడుగుదేనని, మూడు నెలలు పక్క బెంచీలో కూర్చున్న చిట్టికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

చెత్తబుట్టలోంచి తీశావా అని టీచర్ గొడుగునే అడిగారు. కాదని బొంకితే ఆ పిల్ల బయటపడి ఉండేది. బొంకలేదు.

"తీశాను టీచర్. కానీ ఇది నాదే."

మొదటి మాట అందరికీ వినిపించింది. రెండో మాట నవ్వుల్లో కలిసిపోయింది. టీచర్లు కూడా పొరబడతారు. ఆ రోజు ఈ టీచర్ పొరబడ్డారు. అనుమానం తీరేదాకా తాళంచెవి రెండో స్థానంలో ఉన్నవారి దగ్గర ఉంటుందన్నారు.

తాళంచెవి చిట్టి మెడలోకి వచ్చింది. వారం తిరిగేసరికి బీరువా కింది అరలో ఒక రేకు డబ్బా కనిపించింది. నిండా పెన్సిళ్ళు. చీలినవాటికి నల్లదారం చుట్టి ఉంది, పొట్టివాటికి కాగితం గొట్టాలు తొడిగి ఉన్నాయి. సగానికి పైగా పెన్సిళ్ళ చివర పంటిగాట్లు. పెన్సిల్ కొరికే అలవాటు ఆ క్లాసులో ఒక్క చిట్టికే ఉంది. అమ్మ పళ్ళ డాక్టరై ఉండీ మాన్పించలేకపోయింది. గొడుగు చెత్తబుట్టలోంచి తీసినవి ఎక్కడికి చేరాయో చిట్టికి అర్థమైంది. అర్థమయ్యాక సిగ్గుపడాలి. పడలేదు. వీటిని కూడా ఎంత నీటుగా చుట్టిందో అని ఇంకాస్త కుళ్ళుకుని, డబ్బా మూసేసింది.

నెల గడిచింది. ఒకటో తరగతి పాప ఒకతి బీరువా దగ్గరికి వచ్చి, చిట్టిని ఎగాదిగా చూసింది.

"చెత్తబుట్ట అక్క లేదా?"

ఆ పాప వెక్కిరించడం లేదు. అదే పేరనుకుంటోంది.

"నాకు దారం చుట్టిన పెన్సిల్ ఇచ్చింది కదా, ఆ అక్క. వాళ్ళ నాన్న కొట్టు దగ్గర కూడా అందరూ అట్లాగే అంటారు," అంది పాప.

ఆ సాయంత్రం చిట్టి నానమ్మ పక్కన చేరింది. నానమ్మ ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. ఆరిన బట్టలు మడతపెడుతూ అంతా విన్నది. మంచం కింద పొట్టు సంగతి కూడా చిట్టి దాచలేదు. నానమ్మ తిట్టలేదు.

"నువ్వన్న మాట ఎంతమందికి పాకిందో కాగితం మీద రాయి," అంది.

"గొడుగుకి సారీ చెప్తే సరిపోదా, నానమ్మా?"

"సారీ ఎలాగూ చెప్పాలి. కానీ ఆ పిల్లకి నిజం ముందే తెలుసు కదే. తెలియనివాళ్ళ సంగతేంటి?"

చిట్టి రాసింది. అయిదో తరగతితో మొదలై ఒకటో తరగతి దాకా వెళ్ళింది. చివరి వరుసలో గొడుగుల కొట్టు.

సోమవారం చిట్టి క్లాసు ముందు నిలబడి, పొట్టు చేసిన పెన్సిళ్ళతో సహా అంతా చెప్పింది. టీచర్ తన వల్ల కూడా తప్పు జరిగిందని గొడుగుతో అందరి ముందే అని, తాళంచెవి ఆమెకు ఇచ్చారు. చిట్టి సారీ చెప్పింది. గొడుగు తలూపింది కానీ నవ్వలేదు. చిట్టి రెండంతస్తుల పెట్టె తెచ్చి, అందులోని పెన్సిళ్ళతో సహా బీరువాలో పెట్టేసింది. నాలుగు సెంటీమీటర్ల ముక్క ఒక్కటే తనకు ఉంచుకుంది.

ఆ తర్వాత కాగితం పట్టుకుని ఒక్కో తరగతికీ వెళ్ళి అదే చెప్పింది. నాలుగో తరగతిలో ఒకడు, అయితే నువ్వే చెత్తబుట్టవన్నాడు. అందరూ నవ్వారు. చిట్టి ఆ నవ్వు ఆగేదాకా నిలబడి, మూడో తరగతికి నడిచింది.

బడి వదిలాక గొడుగుల కొట్టుకు వెళ్ళింది. ఆయన ఒళ్ళో ఒక నల్లగొడుగు, చేతిలో సూది. చిట్టి చెప్పినదంతా తల ఎత్తకుండా విన్నాడు.

"నెల నుంచీ వింటున్నాను," అన్నాడు చివరికి. "ఏంటమ్మా ఇది అని అడిగితే, పోనీలే నాన్నా అంటుంది. ఇంకా ఎంతమందికి చెప్పాలి?"

"మీరే ఆఖరు, బాబాయ్ గారూ." చిట్టి కాగితం తీసి చివరి వరుస కొట్టేసింది.

అంతలో పక్కనున్న గడియారాల కొట్టులోంచి ఒక గొంతు, చెత్తబుట్ట వాళ్ళ నాన్నా, ఆ కత్తెర ఒకసారి ఇస్తావా అని అడిగింది. గొడుగులాయన కత్తెర తీశాడు.

చిట్టి కాగితం మళ్ళీ విప్పింది. పట్టు దొరకని ఆ పొట్టి ముక్కను మూడు వేళ్ళతో బిగించి పట్టుకుని, కొట్టేసిన వరుస కింద "గడియారాల కొట్టు" అని రాసింది. ఆయన చేతిలోంచి కత్తెర తాను అందుకుని, మెట్టు దిగి పక్క కొట్టులోకి వెళ్ళింది. మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.

తిరిగి వచ్చేసరికి గొడుగులాయన సూది పక్కన పెట్టి, ఆమె కోసమే చూస్తున్నాడు.

"ఇప్పుడు తీరిపోయిందమ్మా," అన్నాడు. "ఇంటికి వెళ్ళు."