వేరుశనగ మీద తెగని చర్చ

నిర్ణయపలక మీద మళ్లీ పసుపు రంగే వెలిగింది. ఔననీ కాదు, వద్దనీ కాదు. ఇంకా మాట్లాడాలట! ఊరంతా కూడిన మాటశాల ఈలలతో దద్దరిల్లింది. విత్తనశాస్త్రవేత్త కాత్యాయనికి మాత్రం ఒళ్లు మండింది.

ఆ రోజుల్లో ఊరు ఒప్పుకోనిదే జన్యువులు మార్చిన గింజ ఏదీ మట్టిలో పడకూడదు. ఆమె ఇదివరకు చేసిన కలుపెరుగని వేరుశనగకు ఇదే ఊరు వెంటనే ఔనంది. దాని వేళ్లు వదిలే రసానికి చేలో గరిక కూడా మొలవదు. ఇప్పుడు తెచ్చిన రకంలో, పీకి దులిపితే చాలు, పండిన కాయలు తమంతట తామే చెట్టును వదిలేస్తాయి. కూర్చుని తెంపే పనే ఉండదు. తొలకరి పడింది. ఇవాళ తేలకపోతే ఈ ఏటికి ఇక అంతే సంగతులు.

చర్చ మాత్రం మహా రంజుగా ఉంది! చీమల గతేమిటని ఒకావిడ, నూనె కమ్మదనం పోదు కదా అని ఇంకొకావిడ. కాత్యాయనికీ హుషారొచ్చి ఒక్కో ప్రశ్ననూ చెండాడేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. మళ్లీ ఓటు మీటలు నొక్కారు. మళ్లీ పసుపే.

"పెద్దమ్మా, ఇంకా ఏం అనుమానం నీకు?" ముందు వరసలోని సుంకులమ్మను నిలదీసింది.

"అనుమానమా? నీ ఇత్తనం బంగారం పాపా."

"మరి ఔనని నొక్కొచ్చు కదా!"

ఆడవాళ్లంతా ముసిముసిగా నవ్వుకున్నారు.

"కలుపు తీసేటప్పుడు వరసగా కూసోని లోకమంతా చెప్పుకుంటాంటిమి. నీ శెనక్కాయ వచ్చె, కలుపు పాయె. నడుంనొప్పీ పాయెలే, మంచిదే. కానీ ఎవురింట్లో వాళ్లం పడిపోతిమి. నువ్వు ఈ చర్చ పెట్టినాకనే మళ్లా అందరం కూడినాం. తేల్చేస్తే రేపట్నించి యాడ కూడల్ల?"

చేలో ఏం మొలుస్తుందో, ఏం మొలవదో కాత్యాయని ఏళ్ల తరబడి లెక్కలు వేసింది. ఆ వరసల్లో ఏం మాట్లాడుకునేవారని ఒక్కనాడైనా అడగలేదు. సిగ్గేసింది.

సుంకులమ్మ జరిగి పక్కన చోటిచ్చింది. ఊరి ఆడపడుచుగా కాత్యాయనికీ ఒక మీట ఉంది. తొలకరి దాటిపోతుందని తెలిసే, ఆమె పసుపు మీట నొక్కింది. శాలంతా కేరింతలు!

"శెనక్కాయ సంగతి రేపు సూద్దాంలే," అంది సుంకులమ్మ. "పొద్దున్నించి ఏమన్నా తిన్యావా నువ్వు?"

ఆ మాట కాత్యాయనిని ఎవరైనా అడిగి చాలా కాలమైంది.