మూడు తాళాల బండి

మధ్యాహ్నం 2:45. పాల వ్యాపారం చేసే బబ్లూ నిద్ర లేచి వాకిట్లోకి వచ్చాడు. కొత్త బండి లేదు.

డిస్క్ లాక్ నేల మీద ఉంది. గేటుకు కట్టిన చెయిన్, దాని తాళం పక్కనే ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు. అలారం మోగలేదు.

3:10కి సంతోష్‌నగర్‌లోని ఆ ఇంటి ముందు పోలీసు జీపు ఆగింది. ముందు దిగింది ఎస్సై వేదాంత్. వెనక దిగింది హెడ్ కానిస్టేబుల్ బాలనర్సింహ. ఈయనది ఇరవై ఆరేళ్ల సర్వీసు, ఆ కుర్రాడిది ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో వేదాంత్ ఫొటో నాలుగుసార్లు పేపర్లో పడింది. బాలనర్సింహది మొత్తం సర్వీసులో ఒక్కసారి పడింది, అదీ గుంపులో, సగం చెవి. ఎస్సైని చూస్తే ఆయనకు కడుపు మండుతుంది. పొద్దున సెల్యూట్ కొట్టేటప్పుడు మరీ మండుతుంది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. తల్లి రుక్మాబాయి, పెద్దకొడుకు అంజన్, చిన్నకొడుకు బబ్లూ. రాత్రి మూడింటికే లేచి పాలు పిండే ఇల్లు కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంట దాటితే అందరూ పడుకుంటారు.

బండి ధనత్రయోదశి నాడు కొన్నది. మూడు రోజులైంది. హ్యాండిల్ లాక్, డిస్క్ లాక్, చెయిన్, పైన అలారం. పెళ్లికూతురికి కూడా అంత కాపలా ఉండదు.

"తాళాలు యాడ పెట్టినవ్?" అని అడిగాడు వేదాంత్.

"తలకింద మెత్త కింద, అలారం రిమోట్‌తోటి. లేచి చూస్తే ఆడనే ఉన్నయి సార్," అన్నాడు బబ్లూ.

"ఇంకో సెట్టు?"

"మెకానిక్ సోమయ్య దగ్గర. లాకులు, అలారం బిగించింది ఆయనే. ఇంట్ల పోతే అక్కరకొస్తయని ఇచ్చిన."

వేదాంత్ కళ్లు మెరిశాయి. సోమయ్య షాపు రెండు గల్లీల అవతల. 1:30 నుంచి 2:15 దాకా మూసి ఉంది. అన్నానికి పోయానన్నాడు, చూసినవాళ్లు లేరు. 3:40కి సోమయ్యను జీపెక్కించారు. ఐదింటికి ముఖానికి ముసుగు వేసి టీవీ కెమెరాల ముందు నిలబెడతారు. ఆ ముసుగు ఒక్కసారి పడితే చాలు. ముప్పై ఏళ్లు బండ్లు బాగుచేసిన మనిషికి రేపటి నుంచి ఎవరూ తాళంచెవి ఇవ్వరు.

బాలనర్సింహను పంచనామా రాసి రమ్మని ఎస్సై వెళ్లిపోయాడు. ఐదో ఫొటో అనుకున్నాడు బాలనర్సింహ. పళ్లు నూరుకుంటూ పెన్ను తీశాడు.

బండి గుర్తులు రాయాలని ఫొటో అడిగాడు. బబ్లూ ఫోన్లో చూపించాడు. ఆ రోజు పగలు 12:50కి తీసింది. బండి తళతళలాడుతోంది. కుంకుమ బొట్టు, హ్యాండిల్‌కి గవ్వల దండ.

బాలనర్సింహ తలెత్తి వాకిట్లోకి చూశాడు. ఓ మూలనున్న పశువుల కొట్టం తలుపుకి అడ్డంగా సుల్తాన్ అనే దున్నపోతు ఎండలో నిలబడి ఉంది. కొమ్ములకు రంగు, ఒంటికి నూనె. రేపే సదర్. దున్నపోతులను ముస్తాబు చేసి వీధుల్లో ఆడించే పండుగ. పోలీసులు వచ్చినప్పుడే అంజన్ చెప్పాడు, దగ్గరికి పోతే కుమ్ముతదని. అందుకే ఎవరూ అటు పోలేదు.

సుల్తాన్ మెడలో అదే గవ్వల దండ ఉంది.

4:20. ముగ్గురినీ వాకిట్లోకి పిలిచాడు.

"అంజన్, మధ్యాహ్నం యాడున్నవ్?"

"పండుకున్న సార్."

"సుల్తాన్ మెడల దండ ఎప్పుడేసినవ్?"

"నిన్న."

"పన్నెండు యాభైకి అది బండి మీద ఉండె. ఫొటో ఉంది. బండి ఎత్తుకపోయిన దొంగ దండ తీసి దున్నపోతుకు ఏసిపోయిండా?"

అంజన్ పోయి సుల్తాన్ పక్కన నిలబడ్డాడు.

"మాదీ పాడి ఇల్లే. రేపు సదర్ పెట్టుకొని నూనె రాసిన దున్నపోతును ఎవలన్న ఎండల కడ్తరా? కొట్టంల, ఫ్యాన్ కింద ఉండాలె. మరి ఎందుకు బయట కట్టినవ్? లోపల జాగ లేదు గాబట్టి."

అంజనే సుల్తాన్‌ను పక్కకు లాగాడు. తలుపు తీస్తే గడ్డిమోపుల వెనక, సుల్తాన్ నిలబడే చోటనే, బండి ఉంది. తమ్ముడు నిద్రలో ఉండగా దిండు కింద తాళాలూ అలారం రిమోటూ తీసి, మళ్లీ అక్కడే పెట్టేశాడు. మూడు తాళాలూ, అలారమూ బయటివాళ్ల కోసం పెట్టినవి.

"అమ్ముకుందామని కాదు," అన్నాడు అంజన్. "సుల్తాన్‌ని మూడేండ్ల సంది పెంచిన. దండ ఒక్కొక్క గవ్వ నేనే కుచ్చిన. అమ్మ తీస్కపోయి బండికేసింది. వచ్చినోళ్లందరు బండితోటి ఫొటోలు దిగిన్రు. ఒక్కడు సుల్తాన్ దిక్కు చూడలే. రేపు సదర్‌ల గా బండి ముంగట పోతుంటే నేను ఓర్వలేను."

రుక్మాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొత్త బండికి దిష్టి తగలకూడదని వేశాను తప్ప ఇంకేం అనుకోలేదని గొణిగింది. బబ్లూ అన్నను దాటుకుని కొట్టంలోకి పోయాడు. బండిని బయటికి తోశాడు, కంప్లయింట్ వాపసు తీసుకుంటానన్నాడు.

అంజన్ పగ్గం పట్టుకుని సుల్తాన్‌ను కొట్టంలోకి నడిపించాడు. గడపలో అది ఆగిపోయింది. లోపలంతా పెట్రోలు వాసన. ముక్కు ఎగబీల్చి వెనక్కి లాగింది.

"రారా, నీ జాగనేరా," అంటూ బతిమిలాడాడు అంజన్. అది కదల్లేదు. మూడేళ్లలో ఏనాడూ అతని మాట కాదనలేదు. అంజన్ పగ్గం పట్టుకునే ఏడ్చేశాడు. కాసేపటికి బబ్లూ బకెట్‌తో నీళ్లు తెచ్చి కొట్టం కడగడం మొదలుపెట్టాడు.

బాలనర్సింహ గడియారం చూసుకున్నాడు. 4:38. అన్నను దొంగగా పట్టుకున్నానని ఫోన్ చేస్తే ఐదింటికి ఆ ముసుగు అంజన్‌కు పడుతుంది, కెమెరాల ముందు నిండు ముఖంతో తను ఉంటాడు. ఆశ లేకపోలేదు, చాలానే ఉంది. ఫోన్ చేతిలో పట్టుకుని నిమిషం నిలబడి, ఎస్సైకి కలిపాడు.

"సార్, సోమయ్యను ఇడిసిపెట్టున్రి. బండి ఇంట్లనే ఉంది. అన్నదమ్ముల లొల్లి, కేసు లేదు."

అటువైపు వేదాంత్ సోమయ్యను పంపించెయ్యమని ఎవరికో చెప్పడం వినిపించింది. తర్వాత మెల్లగా అన్నాడు. "అన్నా, పెద్ద తప్పు చేస్తుంటి. ఎట్ల పట్టుకున్నవ్?"

ఎనిమిది నెలల్లో అన్నా అనడం అదే మొదటిసారి. బాలనర్సింహ కొట్టం వైపు చూశాడు.

"కుళ్లు సార్. జర దూరం నుంచే గుర్తువడ్త. నా కడుపుల గూడ ఉండె."