చల్లార్చిన షాఫ్టు

ఏలూరులో డిటెక్టివ్ ఈశ్వరప్రసాద్ గదిలోకి వచ్చిన మెహరున్నీసా కూర్చోను కూడా లేదు.

"మావారిని రేపు అరెస్టు చేస్తారటండి. ఆయన పనిలో తప్పు చేసే మనిషి కాదండి," అంది.

ఆమె భర్త హిదాయతుల్లా తాడేపల్లిగూడెం వర్క్‌షాపులో లేజర్ మిషన్ నడుపుతాడు. అరిగిపోయిన షాఫ్టుల మీద లోహపు పొడి కరిగించి కొత్త పూత వేస్తాడు. అలా పూత వేసిన షాఫ్టు పెదవేగి పామాయిల్ మిల్లులో బిగించిన రోజే విరిగింది. దాన్ని తెచ్చిన వ్యాను డ్రైవర్ అబ్బులు ముక్క తగిలి అక్కడికక్కడే పోయాడు. నేరమంతా హిదాయతుల్లా నెత్తిన పడింది. చేతిపని చేసేవాడి నెత్తి అందరికీ తేలిగ్గానే అందుతుంది మరి!

ఈశ్వరప్రసాద్, సహాయకురాలు తులసి మిల్లుకి వెళ్లారు. షాఫ్టు వచ్చిన ఇనప పెట్టెలో ఊక బూడిద ఉంది. వేడి నెమ్మదిగా దిగాలని హిదాయతుల్లా ఎప్పుడూ పొడి బూడిదలోనే పెట్టి పంపుతాడు. ఈ బూడిద మాత్రం గడ్డకట్టి ఉంది, మధ్యమధ్య నాచు పోగులున్నాయి. మిల్లులో వాడేవి బోరు నీళ్లు. పెట్టెకి కట్టిన చీటీనీ, రసీదు మీద అబ్బులు వేలిముద్రనీ ఈశ్వరప్రసాద్ చాలాసేపు చూశాడు.

వర్క్‌షాపు ఇంజనీరు శ్రీనివాసరావు కంప్యూటర్‌లో షాఫ్టు వేడి లెక్కంతా ఉంది.

"రాత్రంతా బూడిదలో ఉంటే పూత లోపల మిగిలే బిగువు చాలా తక్కువండి," అన్నాడతను.

"వేడి మీద నీళ్లు పోస్తేనో?"

శ్రీనివాసరావు అంకెలు మార్చాడు. గంట తరవాత తెర మీద షాఫ్టు బొమ్మ బిగువు పెరిగి మెడ దగ్గర ఎర్రబడింది. అసలు షాఫ్టు విరిగిందీ అక్కడే. తులసి తన గురువు వంక అబ్బురంగా చూసింది.

మర్నాడు పొద్దున్నే ఎస్సైతో సహా అందరూ వర్క్‌షాపులో చేరారు. అబ్బులు భార్య మార్తమ్మ కూడా వచ్చింది.

"పూతలో లోపం లేదండి. దారిలో చెరువు నీళ్లు పోశారు," అన్నాడు ఈశ్వరప్రసాద్. "వాకబు చేస్తే తెలిసింది, రాత్రి వ్యాను ఆగింది భీమడోలులో, చేపల చెరువు పక్కనున్న అబ్బులు ఇంటి దగ్గర. చీటీలో 'చల్లార్చి బిగించాలి' అని ఉంది. శ్రీనివాసరావుగారూ, అది రాసింది మీరే కదా, మీ ఉద్దేశం ఏవిటండీ?"

"దానంతటది చల్లారనివ్వాలనేనండి."

"మరి అలాగే రాయాల్సిందండి. ఇళ్లల్లో నిప్పులు చల్లార్చడమంటే నీళ్లు పోయడమే. చీటీలో ఉన్నట్టే అబ్బులు చేశాడు. ఇందులో హంతకుడు లేడండి."

అతను అక్కడితో ఆపేశాడు. తులసికి మాత్రం సందేహం తీరలేదు.

"వేలిముద్ర వేసే మనిషి చీటీ ఎలా చదివాడండీ?"

ఈశ్వరప్రసాద్ వారించబోయాడు. అప్పటికే మార్తమ్మ లేచి నిలబడింది.

"నేనే చదివానండి. నాకు అయిదో క్లాసు దాకా చదువుందని ఆయనకి మహా గొప్పండి. ఏ కాయితం వచ్చినా నా చేతికే ఇచ్చేవోడు. బిందెతో నీళ్లు తెచ్చిచ్చిందీ నేనేనండి."

హిదాయతుల్లా మీద నింద పోయింది. మెహరున్నీసా భర్త దగ్గరికి వెళ్లలేదు. మార్తమ్మ పక్కకి వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.