చెయ్యి పడ్డ బుట్ట

కుంట ఊళ్ళో సంత సంతలో మొదలవదు. ఊరికి రెండు కిలోమీటర్ల ముందే, భేజ్జి రోడ్డు మలుపులో మొదలవుతుంది. అడవి ఊళ్ళ నుంచి చింతపండో, ఇప్పపువ్వో, సారపప్పో నెత్తిన పెట్టుకుని నడిచొచ్చేవాళ్ళ కోసం వ్యాపారులు అక్కడే కాపు కాస్తారు. మాటలతో ఆపరు. రెండు చేతులూ చాచి నెత్తిమీది బుట్ట దించేసుకుంటారు. ఎవరి చెయ్యి ముందు పడితే బుట్ట వాళ్ళది. ఇంకో వ్యాపారి దాని జోలికి పోకూడదు, దించినవాడు మళ్ళీ వద్దనకూడదు. దించిన బుట్ట నేరుగా దుకాణంలో కాంటా మీదికి చేరాలి. ఈ కట్టుబాటు వ్యాపారులు తమలో తాము పెట్టుకున్నదే. మోసుకొచ్చిన మనిషిని ఎవరూ అడగలేదు.

ఈ విద్యలో చెన్నకేశవులుని కొట్టేవాడు కుంటలో లేడు. తన చేతులు కళ్ళకంటే ముందు కదులుతాయని చెప్పుకుని మురిసిపోయేవాడు. ముప్పై అయిదేళ్ళు అదే మలుపులో నిలబడ్డాడు. దుకాణం దగ్గర ఆయన భార్య రామసుబ్బమ్మ, ఆయన కూలీలు తెచ్చిన బుట్టలన్నీ వాళ్ళ తలల మీంచి దించి కాంటా మీద పెట్టేది. ఇప్పుడా పని కొడుకు చక్రి చేస్తున్నాడు.

తండ్రికి అరవై నిండాయని చక్రి అమ్మానాన్నలిద్దరికీ ఓడ ప్రయాణం టికెట్లు కొన్నాడు. చెన్నైలో ఎక్కి కొలంబో చూసి తిరిగి రావడం. బయల్దేరే ముందు పెట్టెల బరువు దుకాణం కాంటా మీదే చూశారు. చక్రి సరదాకి తల్లిని కూడా ఎక్కించాడు. యాభై నాలుగు కిలోల రెండు వందలు.

కొలంబోలో ఓడ పొద్దున్నే ఆగింది. ఊరు చూపించే బస్సు కింద సిద్ధంగా ఉంది కానీ, జెండా పట్టుకున్న అమ్మాయి వెనక గొర్రెల్లా నడవడం చెన్నకేశవులుకి నచ్చలేదు. పెద్ద హోల్‌సేల్ బజారు రేవుకి దగ్గరేనని ఎవరో చెప్పారు. అది చూడకపోతే ఆయనకి సముద్రం దాటి వచ్చినట్టే ఉండదు. రామసుబ్బమ్మకి మోకాళ్ళ నొప్పి, ఓడలోనే ఉంటానంది.

“నాలుగింటికల్లా ఎక్కాలె అంట, మతిల పెట్టుకోండ్రి,” అంది. “చేతులు జేబులల్ల పెట్టుకొని తిరుగుండ్రి. ఊరు గాని ఊర్ల ఎవరి బుట్టలూ దించకుండ్రి.”

ఆయన నవ్వి, నిజంగానే చేతులు జేబుల్లో పెట్టుకుని దిగాడు.

ఆ ఊరు ఆయన్ని చూసి నవ్వలేదు. ఎండ నెత్తిన మొట్టింది. ఆటోలవాళ్ళు మీద మీదకి వచ్చి, ఆయనకి భాష రాదని తెలియగానే మొహం తిప్పుకున్నారు. బోర్డుల మీద అక్షరాలు గుండ్రంగా, అచ్చం మనవే అన్నట్టున్నాయి. చదవబోతే ఒక్కటీ నోటికి రాదు. ఆయనకి అదేదో అవమానంలా తోచింది. ఎర్రని చారల మసీదు దాటి సందుల్లో పడ్డాడు. ఎండుచేపలు, మిరపకాయలు, దాల్చినచెక్క. మూటలు మోసే కూలీలు అరుస్తూ, భుజాలతో తోసుకుంటూ పోతున్నారు. దారికి అడ్డంగా నిలబడ్డ ముసలాయన మీద ఎవరికీ దయ లేదు.

అయినా ఆయనకి బాగానే ఉంది. సంత ఎక్కడైనా సంతే. ఓ బస్తాలోంచి మిరపకాయ తీసి విరిచి వాసన చూశాడు. దుకాణంవాడు కసిరాడు. మళ్ళీ చేతులు జేబుల్లోకి పోయాయి.

మధ్యాహ్నం రెండు దాటాక వెనక్కి తిరిగాడు. అప్పుడే ఒక వాసన ముక్కుకి తగిలింది.

ఇప్పపువ్వు.

ఎండలో ఆరిన, కొంచెం పులిసిన, తియ్యటి వాసన. ముప్పై అయిదేళ్ళు ఆ వాసనలోనే బతికాడు, పొరపడే ప్రశ్నే లేదు. ఇక్కడ ఇప్పపువ్వు ఎవరమ్ముతున్నారు? వ్యాపారి కదా, ఆగలేకపోయాడు. వాసన వెంట ఓ సందులోకి తిరిగాడు. దాంట్లోంచి ఇంకో సందు. అక్కడ షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. వెనక బజారు గోల, తలుపు వేసినట్టు, ఆగిపోయింది. కాకి కూడా లేదు. ఎండ మాత్రం తెల్లగా నిలబడి ఉంది.

సందు చివర నుంచి ఒక ఆడమనిషి వస్తోంది.

నెత్తిన వెదురుబుట్ట. బుట్ట మీద తడిగుడ్డ. మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన చీర... భేజ్జి అడవుల్లోని దోర్ల తెగవాళ్ళ కట్టు. కాళ్ళకి చెప్పుల్లేవు. ఆ కాలే రాళ్ళ మీద నడుస్తున్నా అడుగుల చప్పుడు లేదు. తడిగుడ్డ నుంచి నీళ్ళు ఆమె చెంపల మీదుగా కారుతున్నాయి. కింద రాళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి.

ఆయన దగ్గరికొచ్చి ఆగింది. ఆయన్నే చూస్తూ నిలబడింది.

చెన్నకేశవులు చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. ఆయన వద్దనుకున్నాడు. గట్టిగానే అనుకున్నాడు. చేతులు వినలేదు. చాచి, రెండు పక్కలా పట్టుకుని, బుట్ట దించేశాయి.

వెదురు చల్లగా తగిలింది. అంతే... చేతుల్లో ఏమీ లేదు.

మెడ మీద బరువు పడింది.

“సావుకారీ,” అంది ఆమె, తన దోర్లీ భాషలో, గుసగుసగా. “దవాఖాన ఇంకెంత దూరం?”

అప్పుడు గుర్తుపట్టాడు. పద్దెనిమిదేళ్ళ కింద, వైశాఖంలో, ఆ మలుపులోనే, ఒకే బుట్ట మీద ఆయన చెయ్యీ, వీరేందర్ అనే ఇంకో వ్యాపారి చెయ్యీ ఒకేసారి పడ్డాయి. నాది ముందంటే నాది ముందని అరగంట పోట్లాడుకున్నారు. బుట్ట ఎండలో, తారు మీద ఉంది. ఆమె ఏదో చెబుతూనే ఉంది. బుట్ట దించితే ఎవరైనా ఏదో ఒకటి చెబుతారు, వినడం వాళ్ళకి అలవాటు లేదు. చివరికి తడిగుడ్డ తీస్తే ఇప్పపువ్వు లేదు. ఏడాది పిల్ల. ఒళ్ళు కాలిపోతోంది. అప్పుడు ఆమె అడిగింది, దవాఖాన ఇంకెంత దూరమని. ఆయన ఊరివైపు చెయ్యి చూపించి, వెనకొచ్చే ఇంకో బుట్ట కోసం పరిగెత్తాడు. ఆ తర్వాత ఏమైందో అడగలేదు. అడగకపోవడం కూడా ఒక పనే. ఆ పని ఆయన పద్దెనిమిదేళ్ళూ శ్రద్ధగా చేశాడు.

తలెత్తేసరికి ఆమె మెడ రుద్దుకుంటూ, తేలిగ్గా నడిచి వెళ్ళిపోతోంది. పిలవబోయాడు. ఏమని పిలవాలి? పేరు కూడా అడగలేదు.

నెత్తి మీద చెయ్యి పెట్టి చూశాడు. జుట్టు తగిలింది. ఇంకేమీ లేదు. మెడ మాత్రం కుంగిపోతోంది. పడిపోతుందేమోనని తల పక్కకి వంచాడు. పైన ఏదో జారింది... వెదురు కిర్రుమంది... సన్నగా, గొంతు ఎండిపోయిన ఏడుపు. గబుక్కున తల నిటారుగా పెట్టాడు. ఏడుపు ఆగింది. మాడు మీద వేడి ఊపిరి తగులుతోంది.

మూడుంపావు. నాలుగింటికి ఓడ ఎక్కకపోతే ఈ ఊళ్ళో, దీంతో ఉండిపోవాలి. ఆ భయం తోస్తుంటే నడిచాడు. ఏ సందులోకి తిరిగినా బోర్డులు చదవొచ్చేట్టే ఉన్నాయి, చదవరావడం లేదు. మళ్ళీ బజారు. జనం. ఇందాక భుజాలతో తోసినవాళ్ళే ఇప్పుడు పక్కకి తప్పుకుంటున్నారు, బరువు మోసేవాడికి దారిచ్చినట్టు. ఒక ముసలి కూలీ దించడానికి రెండు చేతులూ ఎత్తాడు. చెన్నకేశవులు ప్రాణం లేచొచ్చింది. ముసలాడు ఆయన తలపైకి చూశాడు. చేతులు మెల్లగా వెనక్కి తీసుకుని, వీపు వెనక దాచుకున్నాడు. తర్వాత కింద ఉమ్మేశాడు.

రేవు గేటు చేరేసరికి నాలుగుకి అయిదు నిమిషాలు. ఓడ మెట్లెక్కితే పైన రామసుబ్బమ్మ ఎదురుచూస్తోంది.

“ఏంది, మెడ అట్ల పెట్టిన్రు?” అంది. ఆయన మొహం చూసి, “ఆగుండ్రి, ఆగుండ్రి,” అంటూ చేతులు పైకెత్తింది. ముప్పై అయిదేళ్ళ అలవాటు.

వద్దు. ఆ ఒక్క మాట చాలు. నాలుక చివరే ఉంది. మెడ విరిగిపోతోంది... ఊపిరి మాడుని కాలుస్తోంది...

ఆయన ఆ మాట అనలేదు. సిగ్గుపడాల్సిన సంగతి, ఆయన కొంచెం వంగాడు కూడా. ఆమెకి అందేలా.

హాయిగా అనిపించింది. ఒక్క క్షణం.

రామసుబ్బమ్మ ఖాళీ చేతులు చూసుకుని నవ్వింది. “ఏం లేదు గదా,” అంది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. మెడ నిటారుగా అయింది.

కుంట చేరాక ఆమె పక్కకి తిరిగి పడుకోలేదు. గోడకి ఆనుకుని, కూర్చునే నిద్రపోయేది. జగదల్‌పూర్ తీసుకెళితే డాక్టర్లు మెడకి ఎక్స్‌రే తీసి, బాగుందన్నారు. మనిషి చిక్కిపోయి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. సంతకొచ్చే దోర్ల ఆడవాళ్ళు ఆమెని చూస్తే రోడ్డు దిగి నిలబడుతున్నారు. ఏం జరిగిందో చెన్నకేశవులు ఎవరికీ చెప్పలేదు. రాత్రీ పగలూ ఒకటే ఆలోచన, ఆమె మీంచి దాన్ని దింపడమెలా అని. చివరికి తట్టింది. దించిన బుట్ట చేరాల్సింది కాంటా మీదికి.

సంత రోజు మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేనప్పుడు, ఆమెని కాంటా ఎక్కించాడు. కాంటా అరవై కిలోల నాలుగు వందలు చూపించింది. ఈ చిక్కిన మనిషి.

“దించు,” అన్నాడు, గొంతు తగ్గించి. “కాంటా మీదికొచ్చింది. ఇగ దించు.”

ఆమె కళ్ళు మూసుకుని చేతులు పైకెత్తింది. ఏదో పట్టుకుని, వంగి, జాగ్రత్తగా కాళ్ళ దగ్గర పెట్టింది. కాంటా దిగింది. బస్తాల మీద పక్కకి తిరిగి పడుకుని, అప్పటికప్పుడే నిద్రపోయింది.

కాంటా సున్నాకి రాలేదు. పదకొండు కిలోల ఆరు వందల దగ్గర ఆగింది. పైన ఏమీ లేదు. అంకె కొంచెం కదులుతోంది... ఆరు వందలు... ఆరు వందల యాభై... ఊపిరి తీసి వదిలినట్టు. రేకు మీద తడి పరుచుకుంటోంది.

ఇప్పుడు చెయ్యి వెయ్యాల్సింది ఎవరో ఆయనకి తెలుసు. ఈసారి దించి, ఎక్కడా ఆగకుండా నడిచి, దవాఖాన గడప దాకా మోసుకెళ్ళాలి. అంతే. కళ్ళకంటే ముందు కదిలే చేతులవి.

జేబుల్లోంచి రాలేదు.

వెనక గుమ్మంలోంచి చక్రి వచ్చాడు. ఒక చూపు కాంటా అంకె మీద, ఒక చూపు ముందు రోడ్డు మీద ఆగిన ఆటో మీద. కాంటా మీద బరువు కనిపిస్తే తీసి పక్కన పెట్టడం, రోజుకి నూరుసార్లు చేసే పని. చూడకుండానే వంగాడు. రెండు చేతులూ చాచాడు.

చెన్నకేశవులు నోరు తెరిచాడు.

కాంటా సున్నాకి వచ్చింది.

చక్రి నిలబడ్డాడు. మెడ నిటారుగా ఉంది. ఒక చెయ్యి మెల్లగా తల పక్కకి లేచి, గాలిలో ఏదో అంచుని పట్టుకుంది. తండ్రి ఇంట్లో ఎవరికీ ఎన్నడూ చెప్పని మాట, దోర్లీలో, గుసగుసగా అడిగాడు.

“సావుకారీ, దవాఖాన ఇంకెంత దూరం?”