పగుళ్ల వెనక మనిషి

పళ్ల డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకున్నాడు ఏజెంట్ తూనీగ. మొహం మీద లైటు పడింది.

"నొప్పెక్కడ?" మాస్కు వెనక నుంచి గొంతు.

"పంటిలో కాదు. పంటికింద రాయిలో."

కోడ్ కలిసింది. మాస్కు కిందికి జారింది. డిపార్ట్‌మెంట్లో అందరూ పెద్దాయన అని పిలిచే చీఫ్.

"విత్తనాల కొట్టు మళ్లీ తెరిచారు."

తూనీగ లేచి కూర్చున్నాడు. పరాయి దేశపు ముఠా అది. వాళ్లమ్మే విత్తనాలు మొలవవు, పేలతాయి. మందుపాతరలు.

"రేపు నాలుగు దేశాల రోబో పోటీ ఫైనల్. మైన్లు ఏరే రోబోలు. మనది గెలిస్తే నాలుగు సైన్యాలూ అదే కొంటాయి. కొట్టు మూతపడుతుంది. కానీ పోయిన నెల ట్రయల్లో దాని పారదర్శక ప్లాస్టిక్ చెయ్యి పుటుక్కున విరిగింది. లోపలివాళ్ల పనే. అనుమానితుల్లో మొదటివాడు డిజైనర్."

తూనీగ తలెత్తి చూశాడు. "అతను మా ఆవిడ తమ్ముడు సార్."

"అందుకే నువ్వు. ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టలేకపోతే పోనీ, బావవి నువ్వు పట్టు." పెద్దాయన నల్లకళ్లద్దాలు చేతిలో పెట్టాడు. "ల్యాబ్ వాళ్లిచ్చారు. ఇవి పెట్టుకుని, తెల్లటి కంప్యూటర్ స్క్రీనుకి అడ్డంగా పారదర్శక ప్లాస్టిక్ పట్టుకుని చూడు. ఎక్కడ ఒత్తిడి ఉంటే అక్కడ రంగులు కనిపిస్తాయి. లోపల ఏజెంట్ ముత్యం నీకు సాయం. పోటీలో ఇంటర్‌ప్రెటర్‌గా ఉంది. రెండేళ్లుగా ముఠాలో మన మనిషి."

మర్నాడు ఉదయం పదింటికి పోటీ షెడ్డు తేనెపట్టులా రొద పెడుతోంది. డ్రిల్లులు, వైర్లు, కాలిన సోల్డర్ వాసన.

"బావా! నువ్వేంటిక్కడ?"

"ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్షన్," అన్నాడు తూనీగ. పదేళ్లుగా ఇంట్లో చెబుతున్న ఉద్యోగం అదే.

బావమరిది నవ్వాడు. కానీ ఆ నవ్వుకంటే ముందు అతని చెయ్యి బల్ల మీద ఉన్న చిన్న సీసాని తీసి జేబులో దాచింది. తూనీగ కంట్లో నలుసు పడ్డట్టయింది. పిల్లని ఇచ్చినింటి వాడు. పెళ్లిలో తన చెప్పులు దాచి అల్లరి చేసినవాడు. వీడా?

వెనక నుంచి మెత్తటి అత్తరు వాసన. పచ్చ పట్టు గౌను, చెవులకి ముత్యాలు. పక్క టీం రోబోని చూస్తున్నట్టు నిలబడి, పెదవి కదపకుండా అంది ముత్యం:

"అతనే. జేబు వెతుకు. రోబో బయల్దేరాక వెతుకు, గొడవవకుండా."

"ఖాయమా?"

"రెండేళ్లుగా డిపార్ట్‌మెంట్‌కి ఎప్పుడైనా తప్పు చెప్పానా?"

పది నలభైకి రోబోని మైదానంలోకి చేర్చారు. రేడియో తరంగాలకి మైను పేలొచ్చని దాన్ని కేబుల్‌తో నడుపుతారు. కేబుల్ పొడవు పదిహేను అడుగులే. ఇసుకబస్తాల వెనక బావమరిది కూర్చోవాలి. ఎదుట నిజమైన మైను.

బావమరిది రక్షణ కోటు వేసుకుంటుండగా తూనీగ అతని జేబులోంచి సీసా లాగాడు.

"ఏంట్రా ఇది?"

బావమరిది మొహం పాలిపోయింది. "బోల్టులు వదులవకుండా పూసే జిగురు బావా. రోబో చెయ్యి చేసిన పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌కి ఇది విషం. బిగించిన చోట ప్లాస్టిక్ ఒత్తిడిలో ఉంటుందా, ఇది తగిలితే అక్కడే పగుళ్లొస్తాయి. తెలీక పూశాను. పోయిన నెల చెయ్యి విరిగింది దానివల్లే. తప్పు నాదేనని పోటీ జడ్జీలకి రిపోర్టు రాసిచ్చాను. మళ్లీ ఎవరూ పొరపాటున వాడకుండా ఇది నా దగ్గరే పెట్టుకుంటున్నా. నీకు తెలిస్తే అక్కకి తెలుస్తుంది, పరువు పోతుందని దాచాను. ఇప్పుడు జిగురు లేదు, లోపల నైలాన్ ఉన్న నట్లు పెట్టాం."

గంట మోగింది. అతను పరిగెత్తాడు.

నిజం చెబుతున్నాడా? నటిస్తున్నాడా? బల్ల మీద స్పేర్ చెయ్యి ఉంది, పొద్దున అసలు చేతితో పాటే సబ్బునీళ్లతో తుడిచి బిగించింది. తూనీగ దాన్ని ల్యాప్‌టాప్ తెల్లస్క్రీనుకి అడ్డంగా పెట్టి అద్దాలు తగిలించాడు. ప్రతి బోల్టు చుట్టూ ఇంద్రధనుస్సు రంగులు. రంగుల మధ్య వెంట్రుకల్లాంటి పగుళ్లు. జిగురు లేకుండానే!

పక్కన "సబ్బునీళ్లు" అని రాసున్న స్ప్రే సీసా. మూత తీసి వాసన చూశాడు. ముక్కు మండింది. సబ్బు కాదు, రంగుని కరిగించే థిన్నర్.

ఎవరు పోశారు? జిగురు ప్లాస్టిక్‌ని ఎలా తింటుందో ఆ రిపోర్టు చదివినవాళ్లకే ఈ ఉపాయం తడుతుంది. ఆ రిపోర్టుని పరాయి జడ్జీలకి తర్జుమా చేసింది ఎవరు?

తల తిప్పాడు. ముత్యం తలుపు దగ్గరికి నడుస్తోంది. ఎనిమిది గోళ్ల మీద ఎర్ర రంగు మెరుస్తోంది. కుడి బొటనవేలు, చూపుడువేలు మాత్రం బోసిగా ఉన్నాయి. థిన్నర్ సీసా వంపిన వేళ్లవి.

వాచీ బటన్ నొక్కి బయటున్న తమవాళ్లతో, "తలుపులు మూయండి. పచ్చగౌనుని పట్టుకోండి," అన్నాడు. ఇక వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

మైదానంలో రోబో మైనుని పట్టుకుంది. పారదర్శకమైన చెయ్యి ఎండలో మెరుస్తూ పైకి లేస్తోంది. మోకాలి ఎత్తు. నడుము ఎత్తు.

తూనీగ ఇసుకబస్తాల వెనక దూకాడు. "దించు!"

"బావా, ఇంకో అడుగు లేపితే గెలుస్తాం."

"చెయ్యి విరగబోతోంది! మెల్లగా దించు!"

అయిదు నిమిషాల కింద దొంగని చూసినట్టు తనని చూసిన మనిషి. బావమరిది ఒక్క క్షణం ఆ కళ్లలోకి చూశాడు. మారుమాట లేకుండా లీవర్ వెనక్కి తిప్పాడు.

చెయ్యి దిగుతోంది. అడుగు. జానెడు. బెత్తెడు. మైను ఇసుకని ఒరుసుకుని ఆగింది.

టక్!

చెయ్యి రెండు ముక్కలైంది. పై ముక్క పక్కకి ఒరిగింది. మైను పేలలేదు. ఇసుకలో అమాయకంగా కూర్చుంది.

బావమరిది లీవర్ వదిలి వెనక్కి వాలాడు. తూనీగ అతని భుజం పట్టుకున్నాడు. "నిన్ను అనుమానించాన్రా."

"నేనైనా అనుమానించేవాణ్ణి బావా, సీసా దాస్తే," అన్నాడతను, ముక్కు ఎగబీలుస్తూ.

గేటు దగ్గర, ముఠాకి అమ్ముడుపోయిన ముత్యాన్ని కారెక్కిస్తున్నారు. థిన్నర్ సంగతి జడ్జీలకి చెప్పాక, సాయంత్రానికి నాలుగు సైన్యాలూ అదే రోబోని కొత్త చేతితో మళ్లీ పరీక్షిస్తామన్నాయి. పోటీ రూల్స్‌కి మాత్రం దయాదాక్షిణ్యాలు లేవు. చెయ్యి విరిగిన రోబోకి ఆఖరి స్థానం.

ఫోన్ మోగింది. భార్య.

"మా తమ్ముడు ఓడిపోయాడటగా? రోజంతా అక్కడే ఉండి చూస్తూ నిలబడ్డారా? కాస్త చెయ్యేసి సాయం చేస్తే మీ సొమ్మేం పోయేదండీ!"