థండర్‌బర్డ్ ముందు నిలబడినవాడు

నార్సింగిలో ఒక విల్లా గ్యారేజీ. గోడకీ కారు బంపర్‌కీ మధ్య నలిగిపోయి ఉంది మెకానిక్ స్వామి శవం. చేతిలో పాలిష్ గుడ్డ ఇంకా అలాగే ఉంది.

శవాన్ని పోస్ట్‌మార్టంకి పంపాక ఇన్‌స్పెక్టర్ వసంత కారు వైపు తిరిగింది. 1964 మోడల్ థండర్‌బర్డ్, పాతకాలపు అమెరికన్ కారు. ఎర్రగా మెరుస్తోంది.

"యాక్సిడెంటేనండి," అన్నాడు యజమాని బుల్లిబాబు. ఐటీ కంపెనీ అధినేత. భారీ మనిషి. "ఇంజన్ ఆపలేదు, బండి కదలకుండా గేర్ పార్క్‌లో పెట్టి దిగానండి. ఇంట్లోకి వెళ్లానో లేదో, పెద్ద చప్పుడు. పాత బండి కదా, గేర్ జారిపోయింది."

"తర్వాత కారెక్కారా?"

"లేదండి. కిటికీలోంచి చెయ్యిపెట్టి తాళం తిప్పానంతే. ఇంకేమీ ముట్టుకోలేదు."

"అవునండి. చప్పుడైనప్పుడు ఆయన ఇంట్లోనే ఉన్నారు," అంది భార్య సుబ్బలక్ష్మి.

"ఈ కారంటే ఎందుకు సార్ అంత మోజు?" అడిగింది వసంత.

బుల్లిబాబు మొహం వెలిగింది. శవం వెళ్లి గంట కాలేదు.

"మొదట్లో ఇద్దరు కూర్చునే బండండి. యాభై ఎనిమిదిలో నాలుగు సీట్లు పెట్టారు. రేసులకి కాదు, సంసారానికీ కాదు. మనిషి తన దర్జా కోసం తనే నడుపుకునేది. పర్సనల్ లగ్జరీ అంటే ఇదీ! పార్క్‌లో పెడితే స్టీరింగ్ మొత్తం పక్కకి జరుగుతుంది. ఈ పొట్టతో అలా జరిపితేగానీ దిగలేను. ఇవాళా అలాగే దిగాను."

కానిస్టేబుల్ శ్రీను రాగానే తీసిన ఫోటో చూసింది వసంత. స్టీరింగ్ పక్కకి జరిగే ఉంది.

గేటు దగ్గర స్వామి భార్య అఖిల కూలబడి ఉంది. ఆమె పక్కనే కూర్చుంది వసంత.

"సారుతో ఏమన్నా గొడవైందా అమ్మా?"

"పొద్దుగాల పేపర్ల రాసే ఆమె వచ్చిందంట మేడం. 'తుప్పుపట్టిన బండిని మొత్తం నేనే బాగు జేసిన' అని సారు ఆమెకు చెప్పుకుండంట. 'చేసింది నేను సార్' అని మా ఆయన ఆమె ముంగటనే అన్నడు. ఫోన్ల నాకు చెప్పి నవ్విండు."

వసంత అందరినీ గ్యారేజీలోకి పిలిచింది. డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. స్టీరింగ్ పక్కకే ఉంది. గేర్ లివర్ పట్టుకుని బలంగా లాగింది.

కదల్లేదు.

"స్టీరింగ్ పక్కకి జరిగితే గేర్ పార్క్‌లోనే లాక్ అయిపోతుంది. జారే ప్రశ్నే లేదు. మీరు దిగేముందు స్టీరింగ్ జరిపానన్నారు. తర్వాత ముట్టుకోలేదన్నారు. అంటే మీరు దిగాక ఈ కారు అంగుళం కూడా కదల్లేదు. స్వామిని గుద్దినప్పుడు మీరు ఇదే సీట్లో ఉన్నారు. గుద్దాక పార్క్‌లో పెట్టి, తీరిగ్గా దిగారు."

బుల్లిబాబు భార్య వైపు చూశాడు.

సుబ్బలక్ష్మి తల దించుకుంది. "అలా చెప్పమన్నది ఆయనేనండి."

"పరాయి మనిషి ముందు నన్ను అబద్ధాలకోరుని చేశాడండి," బుల్లిబాబు గొంతు తగ్గింది. "బెదిరిద్దామనే ముందుకి పోనిచ్చాను..."

"గుడ్డ పట్టుకుని, మీ కారు తుడుస్తున్నవాణ్ణి!"

శ్రీను బేడీలు వేశాడు. కారుని స్టేషన్‌కి లాక్కెళ్లడానికి టోయింగ్ బండి వచ్చింది.

జీపెక్కబోతూ బుల్లిబాబు ఆగాడు. "మేడమ్, ఒక్క రిక్వెస్టండి. కారుని ఎండలో పెట్టించకండి. పెయింట్ పాడైపోతుంది."

గేటు దగ్గర్నుంచి అఖిల లేచి నిలబడింది.

"ఆ పెయింట్ కొట్టింది మా ఆయనే సార్," అంది.

వసంత జీపు తలుపు గట్టిగా వేసింది.